క్లాసు నీది, లెసన్ ప్లాన్ అమ్మది

ఉత్తరం రాసిన అమ్మాయిది కాకినాడ, వయసు 24. హైదరాబాద్‌లో ఎం.ఏ. ఫ్రెంచ్ చేసి అక్కడే బీఎడ్ చదువుతోంది. 16 వారాల ఇంటర్న్‌షిప్‌కి ఒక ప్రైవేటు స్కూల్లో వేశారు. అక్కడి ఫ్రెంచ్ టీచర్ ప్రసూతి సెలవులో ఉండడంతో మూడో తరగతి పిల్లలకు ఫ్రెంచ్ చెప్పే పని ఈమె మీద పడింది. పిల్లలు నోరు విప్పరు, విప్పితే నవ్వుతారు, ఒకరోజు పాఠం మధ్యలోనే ఏడుపొచ్చి వాష్‌రూమ్‌లోకి వెళ్ళిపోయిందట. "నేను టీచింగ్‌కి పనికిరానా మేడమ్? ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి కంపెనీల్లో మంచి జీతాలిస్తున్నారు, అటు వెళ్ళిపోనా?" అని ప్రశ్న.

చూడమ్మా, ముందు అడిగినదానికి జవాబు. పనికొస్తావు. కొత్తలో ఏడవని టీచర్ ఎవరైనా ఉంటే నాకు చూపించు. ఇక ఆ ప్రశ్న పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే అంత పెద్ద ఉత్తరంలో పిల్లల గురించి నువ్వు రాసింది గట్టిగా ఒక పేరా, మిగతాదంతా మీ అమ్మగారే.

ఆవిడ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఏళ్ళ తరబడి పనిచేసి మోకాళ్ళ నొప్పులతో వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నారు. నీకు తోడని తార్నాకలో ఇల్లు తీసుకుని ఉంటున్నారు. నాన్నగారేమో కాకినాడలో కర్రీ పాయింట్ కూరలతో కాలక్షేపం చేస్తున్నారు (ఆ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు, నాకైతే ఆయన మీద జాలేసింది). రాత్రి భోజనాలయ్యాక నీ లెసన్ ప్లాన్ రికార్డు ముందేసుకుని అమ్మగారు ఎర్ర పెన్నుతో దిద్దుతారు. చార్టులు ఆవిడే గీస్తారు. సాయంత్రం చెప్పులు విప్పకముందే "ఇవాళ ఎంతమంది అప్పజెప్పారు?" అని అడుగుతారు. పోయిన నెల, స్కూల్లో నీ క్లాసులు పర్యవేక్షించే గైడ్ టీచర్‌కి ఫోన్ చేసి "మా అమ్మాయి నెమ్మదస్తురాలు, కాస్త చూసుకోండి" అన్నారు, అది స్టాఫ్ రూమ్ అంతా పాకింది. వీటన్నిటినీ మించి, యానాం బళ్ళో ఫ్రెంచ్ చదువుకున్న మీ తాతగారి నోట చిన్నప్పుడు విన్న నాలుగు ముక్కలతో ఆవిడ నీ ఉచ్చారణ కూడా సరిచేస్తారు. ఎం.ఏ. చేసింది నువ్వా, ఆవిడా?

ఇంతా రాసి, మధ్యలో ఎక్కడో ఒక లైను: "బీఎడ్‌లో బోధన పద్ధతులు చెప్పే మెథడాలజీ మేడమ్ ముందు వినిపించమన్నారు, అమ్మేమో మొదటి రోజు నుంచే బోర్డు మీద రాయించమంది, అలాగే చేస్తున్నాను." నేను అక్కడే ఆగిపోయాను. నీ క్లాసు ఎందుకు కుదరడం లేదో నువ్వే రాశావు కదా!

అమ్మగారు బళ్ళో పాఠం చెప్పింది తెలుగు. ఆవిడ క్లాసులో కూర్చున్న పిల్లలకు ఆ భాష అప్పటికే నోటి నిండా ఉంది, చేతిలోకి అక్షరం రావడమే మిగిలింది, కాబట్టి పలక మీద దిద్దించడం ఆవిడ విషయంలో సరైన పనే. నీ పిల్లలు ఫ్రెంచ్ ఎప్పుడూ చెవిన పడనివాళ్ళు, పైగా ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు చదువుతున్నవాళ్ళు. ఆ అక్షరాలు బోర్డు మీద కనిపిస్తే ఇంగ్లీషులాగే చదువుతారు, ఎనిమిదేళ్ళ పిల్లలు ఇంకేం చేస్తారు? ఆరు అంకెనే తీసుకో, స్పెల్లింగ్ అచ్చం ఇంగ్లీషు సిక్సే, నువ్వేమో "సీస్" అంటావు. మూడుకి వాళ్ళు "ట్రాయిస్" అని చదువుతారు, నువ్వు "త్రువా" అంటావు. మిస్సుకే చదవడం రావట్లేదని వాళ్ళకు నవ్వొస్తుంది. అందులో అగౌరవం ఏమీ లేదు, వాళ్ళ లెక్క ప్రకారం వాళ్ళే కరెక్టు.

బోర్డు కొన్నాళ్ళు వదిలెయ్. లేవండి, కూర్చోండి, తలుపు ముట్టుకోండి, ఎర్ర పెన్సిల్ చూపించండి అని ఫ్రెంచ్‌లో చెబుతూ ముందు నువ్వు చేసి చూపించు, తర్వాత వాళ్ళతో చేయించు, తిరిగి మాట్లాడమని అడక్కు. జేమ్స్ ఆషర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1960ల నుంచి చెప్పుకొచ్చిన పద్ధతే ఇది, మీ మెథడాలజీ నోట్స్‌లో ఉండే ఉంటుంది. పిల్లలు కొన్ని వారాలు ఊరికే వింటారు, ఆ మౌనం చూసి టెన్షన్ పడకు. పసివాళ్ళు దాదాపు ఏడాది విన్నాకే కదా అమ్మా అత్తా అంటారు. ఇంటర్‌లో సంస్కృతమో ఫ్రెంచో తీసుకుని, మార్కులు కొట్టేసి, పరీక్ష మర్నాడే మరిచిపోయినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఆ చదువంతా రాతపనే.

ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ చేయడం లేదంటే ఒకటే కారణం, ఇంటికెళ్ళి "ఇవాళ ఆడించాను" అని అమ్మకు చెప్పలేవు.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకు. ఈ ఏర్పాటులో నీకూ సుఖముంది. పాఠం బాగా రాకపోతే అది అమ్మ ప్లాను, చార్టు బాగుంటే అది అమ్మ చేతి గీత, నువ్వు మధ్యలో పోస్ట్‌మ్యాన్‌వి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒక తరగతి గది చేతికిస్తే అందులో తప్పు చేసే హక్కు కూడా అమ్మకు ఇచ్చేసి కూర్చుంటే, పిల్లలకు మాత్రం నీ మీద గురి ఎలా కుదురుతుంది? అది నీ క్లాసు కాదని వాళ్ళు కనిపెట్టేశారు. ఆ గైడ్ టీచర్ కూడా కనిపెట్టేసి ఉంటుంది.

అలాగని అమ్మతో తగువు పెట్టుకోమనడం లేదు. ఈమధ్య ప్రతివాళ్ళూ బౌండరీలు బౌండరీలు అని మొదలుపెట్టారు, కన్నవాళ్ళని గేటు బయట నిలబెట్టడానికి అదో సాకు అయిపోయింది. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి నీకోసం డ్రాయింగ్ షీట్లు కొనుక్కొచ్చే మనిషిని నొప్పించే హక్కు నీకు లేదు. ఆవిడ బడి వదిలి ఎన్నాళ్ళో కాలేదు, పొద్దున్నే తయారై వెళ్ళడానికి ఆవిడకు ఎక్కడా లేదు, నీ రికార్డులో ఆవిడ బడి దొరికింది. ఆ సంగతి అర్థం చేసుకుంటే నీకు కోపం సగం తగ్గుతుంది. కానీ తగ్గింది కదా అని రికార్డు మళ్ళీ ఆవిడ చేతికివ్వకు.

ఆదివారం పొద్దున్న, కాఫీల టైములో, నిమ్మళంగా చెప్పు: "అమ్మా, రేపటి నుంచి ప్లాను స్కూల్లోనే, లీజర్ పీరియడ్‌లో రాసుకుంటాను." చెప్పాక నిజంగా అక్కడే రాసి అక్కడి బీరువాలోనే పెట్టి రా. ఇంటికి తెచ్చావంటే ఒక రాత్రి నిద్రమత్తులో నువ్వే తీసి ఇస్తావు. సాయంత్రం ఆవిడ అడిగితే "బాగానే జరిగింది" అని వేరే మాటల్లోకి దిగు. గైడ్ టీచర్ దగ్గరికి నువ్వే వెళ్ళి "అమ్మ ఫోన్ చేసినందుకు సారీ మేడమ్, నా క్లాసు గురించి ఏదున్నా నాకే చెప్పండి" అను, సిగ్గుగా ఉన్నా సరే.

అమ్మగారు బాధపడతారు. "అంతేలే, నా అవసరం తీరిపోయింది" అంటారు, రెండ్రోజులు అన్నం సరిగా తినరు. పట్టించుకో, బతిమాలు, కానీ మాట మార్చుకోకు. ఆవిడ దగ్గర నీకు నిజంగా పనికొచ్చేది ఒకటుంది, అది అడుగు: తాతగారి యానాం కబుర్లు. 1954 దాకా మన గోదావరి ఒడ్డునే ఫ్రెంచి పాలన నడిచిందనీ, తెలుగు మాట్లాడే పిల్లలు బళ్ళో ఫ్రెంచ్ చదివారనీ నీ క్లాసులో ఏ పిల్లాడికీ తెలిసి ఉండదు. ఈ భాష మనకెందుకు మిస్ అని అడిగారన్నావు కదా, ఒక ఐదు నిమిషాలు తెలుగులోనే ఆ బడి కథ చెప్పు. అమ్మ చెబుతుంటే విను, రాసుకో. క్లాసుకి మాత్రం రమ్మనకు.

ఇంకోటి, వచ్చే పండక్కి ఇద్దరూ కాకినాడ వెళ్ళండి. తిరుగు టికెట్ నీ ఒక్కదానికే తీయించు. మిగిలిన వారాలు హాస్టల్లో ఉంటే నీకేమీ కాదు, నాన్నగారు ఇంటి చారన్నం తింటారు. వెళ్ళగొడుతున్నావా అని ఆవిడ అంటే, నాన్నకు ఒంట్లో ఎలా ఉందో ఎప్పుడైనా అడిగావా అమ్మా అని నువ్వు అడుగు. భార్యాభర్తలు ఇన్నాళ్ళు చెరో ఊళ్ళో ఉండడానికి మోకాళ్ళు, నీ బీఎడ్ కాకుండా ఇంకేదైనా కారణం ఉంటే అది వాళ్ళిద్దరూ చూసుకోవాల్సిన వ్యవహారం, దానికి నువ్వు అడ్డుగోడవి కానక్కర్లేదు.

కంపెనీ ఉద్యోగం అన్నావు. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేదాకా ఎక్కడా అప్లై చేయకు. అయ్యాక కూడా వెళ్ళాలనిపిస్తే శుభ్రంగా వెళ్ళు, ఫ్రెంచ్ నేర్చుకున్నందుకు అందరూ బళ్ళోనే ఉండాలని రూలేం లేదు. ఆ అప్లికేషన్ మాత్రం అమ్మకు చూపించి దిద్దించుకోకు.