మాచిపత్రి నారులో మూడు రకాల మొక్కలు: ఆకు తిప్పి చూడండి

ప్రశ్న: వినాయక చవితికి అమ్ముదామని ఒక నర్సరీలో మాచిపత్రి నారు కొని 20 సెంట్లలో నాటాను. నెలన్నర దాటింది. మొక్కలన్నీ ఒక్క తీరుగా లేవు. కొన్ని వెడల్పాకువి, కొన్ని బాగా సన్నాకువి, కొన్ని వయ్యారిభామలా ఉన్నాయి. సన్నాకువి అప్పుడే మొగ్గ వేస్తున్నాయి. నారు ఇచ్చినాయన్ని అడిగితే అది మలేరియా మందు మొక్క, దాని నూనె వేల రూపాయలకు కొంటాం, ఇంకో ఎకరం వేయండి అంటున్నాడు. ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి? వేయమంటారా?
– ఒక రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: మీరు పంపిన ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. ఈ మొక్కల గుట్టు ఆకు అడుగున ఉంటుంది. ఒకసారి చేలోకి వెళ్లి మూడు రకాల నుంచీ తలా ఒక ముదురాకు తుంచి, తిరగేసి చూడండి.

పైన ముదురు ఆకుపచ్చగా ఉండి, అడుగున దూది పరిచినట్టు తెల్లగా, బూడిద రంగులో ఉంటే అది మాచిపత్రి. గోటితో గీరితే ఆ నూగు లేచి వస్తుంది, కింద పచ్చదనం బయటపడుతుంది. ఆకు తమ్మెలు, అంటే చీలిన భాగాలు, వెడల్పు. నలిపితే కర్పూరం, చామంతి కలిసిన వాసన, నాలుకకు చేదు. మొక్క పీకబోతే సులువుగా రాదు, నేలలో పాకే కాండం నుంచి పక్కనే పిలకలు వేస్తుంది. అందుకే దీన్ని పిలకలతో, కొమ్మ ముక్కలతో పెంచుకోవడమే మేలు, విత్తనపు నారు జోలికి పోనక్కర్లేదు. పాత పుస్తకాల్లో దీన్ని ఆర్టెమిసియా వల్గారిస్ అని రాశారు. మన దక్షిణాది మొక్కను ఇప్పుడు ఆర్టెమిసియా నీలగిరికా అంటున్నారు. రెండు పేర్లు చూసి రెండు మొక్కలనుకుని కంగారు పడకండి.

సన్నాకు మొక్క సంగతికి వద్దాం. ఆకు ఈకలా మూడేసి సార్లు చీలి, పైనా కిందా ఒకే లేతపచ్చగా, నూగు లేకుండా ఉంటే అది ఆర్టెమిసియా అన్యువా. ఒక్క ఏడాది మొక్క, పీకితే వేరుతో సహా వచ్చేస్తుంది. పూలు ఆవగింజంత పసుపు గుండ్లు, తలలు వేలాడేసుకుని ఉంటాయి. మలేరియా మందు దీని నుంచే వస్తుందన్నది నిజం. చైనా శాస్త్రవేత్త తు యుయు ఈ ఆకు నుంచే ఆర్టెమిసినిన్ అనే ఆ మందును వేరుచేశారు, 2015లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నారు. కానీ ఆ మందు నూనె కాదు. ఎండిన ఆకును ద్రావకంలో నానబెట్టి తీసే స్ఫటికం. మంచి రకాల ఎండు ఆకులో కూడా ఒక శాతం అటూ ఇటూ మాత్రమే ఉంటుంది.

మీ మొక్క తొందరపడి మొగ్గ వేయడానికి కారణం పగటి నిడివి. పగలు సుమారు 13న్నర గంటలకు తగ్గితే ఇది పూతకు వస్తుంది. మన గుంటూరులో జూన్‌లో కూడా పగలు 13 గంటల చుట్టుపక్కలే. అంటే ఆకు నిండుగా పెరగకముందే పూత. ఆకు అమ్ముకునే పంటకు ఇదే పెద్ద దెబ్బ. ఆలస్యంగా పూసే రకాలు, ఆకులో మందు శాతం పరీక్షించే ల్యాబ్, కొనేవాళ్ల రాతపూర్వక ఒప్పందం, ఈ మూడూ చేతిలో లేకుండా ఎకరం వేయొద్దు.

నూనె మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, దవనం నుంచి. అదీ ఈ కుటుంబమే, ఆర్టెమిసియా పాలెన్స్. మోకాలెత్తు మొక్క, ఆకు రెండు వైపులా బూడిద తెలుపు, దండల్లో కట్టే ఆ తియ్యటి వాసన మీకు తెలిసిందే. అక్టోబరు, నవంబరుల్లో నారు పోసే శీతాకాలపు పంట, వానల్లో నారు కుళ్లిపోతుంది. మీ ఫొటోల్లో అది కనపడలేదు. మీకు చెప్పినాయన రెండు మొక్కల లాభాలు ఒకే మొక్కకు కట్టాడు!

ఇక మూడోది వయ్యారిభామే. లేతగా ఉన్నప్పుడు మాచిపత్రిలా మోసం చేస్తుంది, చవితికి పత్రి కట్టల్లో కూడా దూరుతుంది. కాండం మీద నిలువు గీతలు, ఆకు అడుగు కూడా పచ్చగానే, నలిపితే ఆ సువాసన రాదు. అయితే దీన్ని మాత్రం వట్టి చేత్తో నలపొద్దు, దురద, ఎలర్జీ వస్తాయి. తెల్లపూలు విచ్చకముందే చేతికి కవరు తొడుక్కుని వేరుతో సహా పీకేయండి.

అన్నట్టు, అనుమానం ఉన్నది నాకు పంపాలంటే పూతతో ఉన్న కొమ్మను న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి పంపండి. కిందటిసారి ఒకాయన తడి ప్లాస్టిక్ కవరులో పంపితే, విప్పేసరికి నల్లటి ముద్ద తప్ప ఏమీ మిగల్లేదు. వాసన మాత్రం దవనందే!