బయోస్‌లో పనిచేసిన కీబోర్డు ఇన్‌స్టలేషన్ తెర దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

పాత డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ 7 ఇన్‌స్టాల్ చేస్తుండగా, బయోస్‌లోకి వెళ్లేటప్పుడూ బూట్ మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకునేటప్పుడూ చక్కగా పనిచేసిన కీబోర్డు, భాషను ఎంచుకోమని అడిగే మొదటి తెర రాగానే మౌస్‌తో సహా స్పందించడం మానేసిందని, కొత్త కీబోర్డు తెచ్చి పెట్టినా ఫలితం మారలేదని మీరు రాశారు. మీ కీబోర్డులు రెండూ బాగానే ఉన్నాయని నా నమ్మకం. దయచేసి మూడోది కొనవద్దు. నాకు ఇదే పరిస్థితి ఎదురైనప్పుడు రెండు రోజులపాటు కీబోర్డునే అనుమానించాను. అది ఏ దశ వరకు పనిచేసి ఏ దశలో ఆగిపోయిందో మొదటే గమనించి ఉంటే ఆ రెండు రోజులూ మిగిలేవి.

కంప్యూటరు ఆన్ చేసినప్పటి నుంచి ఇన్‌స్టలేషన్ తెర వచ్చే వరకు మనం నొక్కే కీలను ఒకే ప్రోగ్రాము అందుకోదు. మొదట అందుకునేది బయోస్, అంటే విండోస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము. యూఎస్‌బీ కీబోర్డుకు సరిపోయే చిన్న డ్రైవరు, అంటే ఆ పరికరంతో మాట్లాడే సాఫ్ట్‌వేరు, దానిలోనే ఉంటుంది. 'లెగసీ యూఎస్‌బీ సపోర్ట్' అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే, బయోస్ ఆ యూఎస్‌బీ కీబోర్డును పాతకాలపు గుండ్రటి ప్లగ్ ఉండే పీఎస్/2 కీబోర్డులా చూపిస్తుంది కాబట్టి, యూఎస్‌బీ అంటే ఏమిటో తెలియని బూట్‌లోడరుకు (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాముకు) కూడా కీలు అందుతాయి. ఆ తరువాత ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాము తన సొంత కెర్నెల్‌ను (సిస్టమ్‌లోని కేంద్ర భాగాన్ని) మెమరీలోకి తెచ్చుకుని, యూఎస్‌బీ కంట్రోలరును (యూఎస్‌బీ పోర్టులను నడిపే భాగాన్ని) బయోస్ చేతిలోంచి తన చేతిలోకి తీసుకోవాలి. ఆ కంట్రోలరుకు తగిన డ్రైవరు దాని దగ్గర లేకపోతే, కీబోర్డుకు కరెంటు అందుతూనే ఉన్నా అది పంపే సంకేతాన్ని అందుకునేవారు ఉండరు.

మీ విషయంలో జరిగింది ఇదేనని చెప్పడానికి మౌస్ కూడా ఆగిపోవడమే ప్రధానమైన ఆధారం. రెండు వేర్వేరు పరికరాలు ఒకే క్షణంలో పాడవడం చాలా అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది వాటి వెనుక ఉన్న యూఎస్‌బీ కంట్రోలరే. విండోస్ 7 విడుదలైనది 2009లో. యూఎస్‌బీ 3.0 ప్రమాణం 2008 నవంబరులో ఖరారైనా, ఆ పోర్టులున్న మదర్‌బోర్డులు విరివిగా వచ్చింది ఆ తరువాతే కాబట్టి, బయోస్ మెనూలలో ఎక్స్‌హెచ్‌సీఐ అనే పేరుతో కనిపించే యూఎస్‌బీ 3.0 కంట్రోలరుకు విండోస్ 7 డిస్కులో డ్రైవరు లేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ డ్రైవరు సిస్టమ్‌తోపాటే వస్తోంది.

ఏ మార్పూ చేయకముందే ఒక చిన్న పరీక్ష చేయండి. ఇన్‌స్టలేషన్ తెర వచ్చాక కాప్స్ లాక్ కీని నాలుగైదుసార్లు నొక్కండి. ఆ దీపాన్ని కీబోర్డు తనంతట తాను వెలిగించుకోదు. కీ నొక్కిన సంగతి కంప్యూటరుకు చేరి, దీపం వెలిగించమని అక్కడి నుంచి ఆదేశం తిరిగి వస్తేనే వెలుగుతుంది. దీపం మారుతోందంటే డ్రైవరు పనిచేస్తోందనీ, లోపం ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాములోనో పెన్‌డ్రైవ్‌లోనో వెతకాలనీ అర్థం. బయోస్‌లో మారిన దీపం ఈ తెర దగ్గర మారకపోతే నేను పైన చెప్పిన కారణమే దాదాపు ఖాయం.

నా అనుభవంలోని కంప్యూటరు 2013 నాటిది. వెనుక వైపు నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులు, నల్ల రంగు యూఎస్‌బీ 2.0 పోర్టులు రెండూ ఉన్నాయి. కీబోర్డును నీలం పోర్టు నుంచి నల్ల పోర్టుకు మార్చమని అందరూ ఇచ్చే సలహా మంచిదే, ఎక్కువమందికి అక్కడితో సమస్య తీరిపోతుంది కూడా. నాకు తీరలేదు. కారణం తెలిసింది తరువాత: ఆ కాలపు కొన్ని బోర్డులలో బయోస్‌లోని ఎక్స్‌హెచ్‌సీఐ మోడ్ 'ఎనేబుల్డ్' అని ఉంటే, నల్ల పోర్టులను కూడా కొత్త కంట్రోలరుకే అప్పగిస్తారు. పోర్టు రంగు ఏదైనా దాని వెనుక ఉన్నది డ్రైవరు లేని కంట్రోలరే అయినప్పుడు, ఎన్ని పోర్టులు మార్చినా ప్రయోజనం ఉండదు. ఆ మోడ్‌ను 'ఆటో'కు మార్చి, మార్పును సేవ్ చేసి, కంప్యూటరును పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి భాషను ఎంచుకునే తెర మీద కాప్స్ లాక్ దీపం వెలిగింది. ఆ చిన్న దీపం వెలగడం చూసి నాకు కలిగిన సంతోషం ఇన్‌స్టలేషన్ పూర్తయినప్పుడు కూడా కలగలేదు.

మీ బయోస్‌లో 'ఆటో' లేకపోతే 'డిసేబుల్డ్' ఎంచుకోండి, కానీ అంతకు ముందు మీ బోర్డు ఏ తరానిదో తప్పనిసరిగా తెలుసుకోండి. 2015లో వచ్చిన ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్ల బోర్డుల నుంచి పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలరును చిప్‌సెట్‌లోంచి తీసివేశారు. అటువంటి బోర్డులో ఎక్స్‌హెచ్‌సీఐని ఆపేస్తే యూఎస్‌బీ పోర్టులన్నీ ఒకేసారి మూగబోతాయి, బయోస్‌లోకి తిరిగి వెళ్లే దారి కూడా మూసుకుపోవచ్చు. ఆ తరం బోర్డులలో కొన్నింటికి విండోస్ 7 ఇన్‌స్టలేషన్ కోసమే ప్రత్యేకమైన సెట్టింగు ఇచ్చారు. మీ బోర్డు అటువంటిదైతే దాన్నే వాడండి.

బోర్డుకు ఊదా రంగు గుండ్రటి పోర్టు ఉంటే అంతకన్నా సులువైన మార్గం ఉంది. 1987లో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ సిస్టమ్/2 కంప్యూటర్ల నుంచి పేరు తెచ్చుకున్న ఆ పీఎస్/2 పోర్టుకు యూఎస్‌బీతో సంబంధం లేదు, దాని డ్రైవరు విండోస్ 7 డిస్కులో ఉంది. అయితే నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. కంప్యూటరు నడుస్తుండగానే పీఎస్/2 కీబోర్డును తగిలించి, స్పందన లేకపోవడంతో ఆ పోర్టు చెడిపోయిందని తేల్చేసుకున్నాను. నడుస్తుండగా పెట్టి తీయడానికి తగినట్టు ఆ పోర్టును రూపొందించలేదు. పాత బోర్డులలో అలా చేయడం వల్ల కంట్రోలరు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. కంప్యూటరును ఆపి, కీబోర్డు తగిలించి, అప్పుడు ఆన్ చేయండి. యూఎస్‌బీ కీబోర్డుకు తొడిగే చిన్న పీఎస్/2 అడాప్టర్లు అన్ని కీబోర్డులతోనూ పనిచేయవు. ఆ అడాప్టరు తీగలను కలుపుతుందే తప్ప సంకేతాన్ని మార్చదు కాబట్టి, రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డుకే అది ఉపయోగపడుతుంది.

ఈ రెండు మార్గాలూ కుదరకపోతే మిగిలేది యూఎస్‌బీ 3.0 డ్రైవరును పెన్‌డ్రైవ్‌లోని విండోస్ ఫైళ్లలో ముందుగానే చేర్చడం. దీనికి మరొక కంప్యూటరు కావాలి, బోర్డు తయారీదారు ఇచ్చిన విండోస్ 7 డ్రైవరు కావాలి. చాలామంది తడబడే చోటు ఒకటి ఉంది కనుక అది మాత్రం వివరంగా చెబుతాను. పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్ ఫోల్డరులో బూట్.విమ్, ఇన్‌స్టాల్.విమ్ అనే రెండు ఫైళ్లు ఉంటాయి. మనకు కనిపించే ఇన్‌స్టలేషన్ తెర బూట్.విమ్‌లోని రెండవ ఇమేజ్ నుంచి వస్తుంది. హార్డ్ డిస్కు మీదికి చేరే అసలు విండోస్ ఇన్‌స్టాల్.విమ్ నుంచి వస్తుంది. డ్రైవరును రెండవ ఫైలులో మాత్రమే చేర్చితే మీరు ఇప్పుడున్న తెర దగ్గరే ఆగిపోతారు. మొదటి ఫైలులో మాత్రమే చేర్చితే అంతా సజావుగా సాగి, రీస్టార్ట్ అయ్యాక యూజరు పేరు అడిగే తెర దగ్గర కీబోర్డు మళ్లీ ఆగిపోతుంది. రెండింటిలోనూ చేర్చాలి, ఇన్‌స్టాల్.విమ్‌లో మీరు ఎంచుకోబోయే ఎడిషన్‌కే చేర్చాలి.

ఇన్‌స్టలేషన్ మధ్యలో సీడీ లేదా డీవీడీ డ్రైవుకు అవసరమైన డ్రైవరు లేదని సందేశం వస్తే కంగారు పడవద్దు. పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ 3.0 పోర్టులో ఉన్నప్పుడు, కెర్నెల్ దాన్ని చూడలేక ఇదే సందేశం ఇస్తుంది. కీబోర్డును ఆపిన కారణమే ఇక్కడా పనిచేస్తోంది.

ఇదే ప్రశ్నతో వచ్చేవారిలో కొందరికి లక్షణం తిరగబడి ఉంటుంది: బూట్ మెనూలోనో లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే బూట్‌లోడరు మెనూలోనో కీబోర్డు పనిచేయదు, సిస్టమ్ పూర్తిగా లోడ్ అయ్యాక మాత్రం పనిచేస్తుంది. అక్కడ డ్రైవరు లోపం లేదు. లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ ఆఫ్‌లో ఉంది, లేదా త్వరగా మొదలవడానికి కొన్ని పనులను వదిలేసే ఫాస్ట్ బూట్ అనే సెట్టింగు వల్ల బయోస్ యూఎస్‌బీని పలకరించకుండానే ముందుకు వెళ్లిపోతోంది. నిన్నటి వరకు సరిగ్గా ఉన్న సెట్టింగు నేడు మారిపోయిందంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని చూడండి. తేదీ, సమయం కూడా వెనక్కు వెళ్లి ఉంటే ఆ 3 వోల్టుల బ్యాటరీ అయిపోయిందన్నమాట.

ల్యాప్‌టాప్ అయితే కథ వేరు. పాత ల్యాప్‌టాప్‌లలో సొంత కీబోర్డు చాలావరకు లోపల పీఎస్/2 పద్ధతిలోనే అనుసంధానమై ఉంటుంది. అటువంటి ఒక యంత్రంలో లినక్స్ ఎక్కిస్తుండగా బయటి యూఎస్‌బీ కీబోర్డు పనిచేస్తూ లోపలి కీబోర్డు మాత్రం ఆగిపోయింది. గ్రబ్ మెనూలో ఇంగ్లీషు అక్షరం 'ఈ' (e) కీ నొక్కి, లినక్స్ అనే పదంతో మొదలయ్యే వరుస చివర ఇంగ్లీషు చిన్న అక్షరాలలో 'ఐ8042.నోపీఎన్‌పీ' (i8042.nopnp) అని చేర్చి ఎఫ్10 నొక్కాక అది పనిచేసింది. దానితో ఫలితం లేకపోతే అదే చోట 'ఐ8042.రీసెట్' (i8042.reset) ప్రయత్నించవచ్చు. ఇలా చేర్చినది ఆ ఒక్కసారికే వర్తిస్తుంది కాబట్టి, ఇన్‌స్టలేషన్ ముగిశాక గ్రబ్ సెట్టింగుల ఫైలులో దాన్ని శాశ్వతంగా రాసుకోవాలి.

మీరు ముందుగా కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ మూడింటినీ వెనుక వైపున్న నల్ల పోర్టులకు మార్చి, ఎక్స్‌హెచ్‌సీఐ మోడ్‌ను చూడండి. విండోస్ ఎక్కాక యూఎస్‌బీ 3.0 డ్రైవరు ఇన్‌స్టాల్ చేసి, మోడ్‌ను మొదట ఉన్న స్థితికే తెచ్చుకోవచ్చు. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి కాబట్టి, ఆ కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపవలసిన అవసరం ఉంటే ఈ నిర్ణయాన్ని మరొకసారి ఆలోచించండి. ఇవి చేశాక కూడా తెర అలాగే ఉంటే, మదర్‌బోర్డు మోడల్ ఏమిటో, దానికి గుండ్రటి పోర్టు ఉందో లేదో, కాప్స్ లాక్ దీపం ఏ దశ వరకు మారిందో రాయండి. ఆ మూడు వివరాలతో తరువాతి అడుగు చెప్పగలను.