టోమాసన్ ఎక్కడ నిలబడతాడు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డెన్మార్క్ స్ట్రైకర్ యోన్ దాల్ టోమాసన్ గురించే. ఒకే విషయం మీద వచ్చిన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: డెన్మార్క్ తరఫున 112 మ్యాచ్‌లు, 52 గోల్స్. అయినా డెన్మార్క్ పాత స్టార్లు లౌడ్రప్ సోదరుల గురించో, ఎల్క్యార్ గురించో మాట్లాడినంతగా టోమాసన్ గురించి ఎవరూ మాట్లాడరు. ఎందుకండీ? (ఖమ్మం)

జవాబు: చూడగానే కళ్లు తిప్పుకోలేని ఆట కాదు అతడిది. ముగ్గురిని దాటించి కొట్టిన గోల్స్ తక్కువ. గాలిలో డిఫెండర్ల మీద పడి హెడర్ కొట్టే పొడుగూ బలమూ లేవు. అతడి పనంతా బంతి రాకముందు జరిగిపోతుంది. టీవీ కెమెరా బంతి వెంట తిరుగుతుంది కాబట్టి ఆ పని మనకు కనబడదు, చివరి స్పర్శ మాత్రం కనబడుతుంది. చూసేవాళ్లకు అది అదృష్టంలా అనిపిస్తుంది.

అతడి అసలు చోటు సెంటర్ ఫార్వర్డ్‌కు ఏడెనిమిది మీటర్ల వెనక. ముందు ఒక ఆటగాడు ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్‌లిద్దరినీ గోల్ వైపు లాక్కుపోతాడు. అప్పుడు డిఫెన్స్ వరుసకూ మిడ్‌ఫీల్డ్ వరుసకూ మధ్య తెరుచుకునే ఖాళీలోకి టోమాసన్ చివరి క్షణంలో వస్తాడు. కోచ్ మోర్టెన్ ఓల్సెన్ డెన్మార్క్ జట్టులో ఎబ్బే సాండ్‌ను ముందుంచి టోమాసన్‌ను అతడి వెనక ఆడించింది ఇందుకే. 2002 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో సాండ్ 9 గోల్స్ కొట్టాడు. అసలు టోర్నీలో ఆ గోల్స్ టోమాసన్‌కు వచ్చాయి: ఉల్సాన్‌లో ఉరుగ్వేపై రెండు, డేగులో సెనెగల్‌పై పెనాల్టీ, ఇంచియాన్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ ఫ్రాన్స్‌పై ఒకటి. మూడు గ్రూపు మ్యాచ్‌లు, నాలుగు గోల్స్. ఆ తర్వాత నీగాతాలో ఇంగ్లండ్ 3–0తో ఇంటికి పంపింది.

ప్రశ్న: హాలండ్‌లో అంత బాగా ఆడినవాడు న్యూకాజిల్‌లో ఎందుకు తేలిపోయాడు? ఇంగ్లిష్ లీగ్ వేగానికి తట్టుకోలేదంటారు, నిజమేనా? (విశాఖపట్నం)

జవాబు: సగం నిజం. మిగతా సగం పెద్దది.

1994లో కోగె క్లబ్ నుంచి హీరెన్‌వేన్‌కు వెళ్లినప్పుడు అతడికి 18 ఏళ్లు. 1996లోనే హాలండ్‌లో ఆ ఏటి ఉత్తమ యువ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. 1997 వేసవిలో మేనేజర్ కెన్నీ డాల్గ్లిష్ అతడిని న్యూకాజిల్‌కు తెచ్చాడు. అలన్ షియరర్, లెస్ ఫెర్డినాండ్ ముందుంటారు, వాళ్ల వెనక ఈ కుర్రాడు ఆడతాడన్నది లెక్క. సీజన్ మొదలయ్యేలోపే ఆ లెక్క తప్పింది. సన్నాహక మ్యాచ్‌లో షియరర్ చీలమండ దెబ్బతిని నెలల తరబడి దూరమయ్యాడు. ఫెర్డినాండ్‌ను క్లబ్ టాటెన్‌హామ్‌కు అమ్మేసింది. ఇద్దరి నీడలో ఆడాల్సిన 21 ఏళ్ల కుర్రాడు ముందు వరుసలో ఒంటరిగా, గోల్‌కు వీపు పెట్టి, పొడుగు బంతులు ఆపుతూ నిలబడాల్సి వచ్చింది. అది అతడికి రాని పని. లీగ్‌లో 23 మ్యాచ్‌లకు 3 గోల్స్. 1998లో డచ్ క్లబ్ ఫెయెనూర్డ్‌కు అమ్మేశారు. అక్కడ మొదటి సీజన్‌లోనే డచ్ లీగ్ గెలిచాడు.

ఆటగాడు మారలేదు, నిలబెట్టిన చోటు మారింది. మన దగ్గర కూడా ఒక స్ట్రైకర్ పనికిరాడని తేల్చే ముందు అతడికి ముందూ వెనకా ఎవరిని పెట్టారో చూడటం మంచిది.

ప్రశ్న: 2002 యూఈఎఫ్ఏ కప్ ఫైనల్లో కోలర్‌కు కాక కోలర్ పేరే ఉన్న మరొకరికి రెడ్ కార్డు వచ్చిందని విన్నాను. దానికీ టోమాసన్‌కూ సంబంధం ఏమిటి? (నెల్లూరు)

జవాబు: పేర్లు దగ్గరగా ఉండటంతో తికమక. రెడ్ కార్డు అందుకున్నది డార్ట్‌మండ్ డిఫెండర్ యూర్గెన్ కోహ్లర్. గోల్ కొట్టినది అదే జట్టు స్ట్రైకర్ యాన్ కోలర్.

టోమాసన్ ఆడుతున్న ఫెయెనూర్డ్‌కూ, జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌కూ మధ్య ఆ ఫైనల్ మే 8న రోటర్‌డామ్‌లోని డె కూయిప్‌లో జరిగింది. అది ఫెయెనూర్డ్ సొంత మైదానం. 31వ నిమిషంలో టోమాసన్ డిఫెన్స్ వెనక్కి దూసుకుపోయాడు, కోహ్లర్ అతడిని పడగొట్టి బయటికి వెళ్లిపోయాడు. కోహ్లర్ వృత్తి జీవితంలో అదే ఆఖరి మ్యాచ్. ఆ పెనాల్టీని ఫెయెనూర్డ్ ఆటగాడు పియెర్ వాన్ హూయిడాంక్ గోల్ చేశాడు, 40వ నిమిషంలో ఫ్రీకిక్‌తో మరొకటి కొట్టాడు. విరామం తర్వాత డార్ట్‌మండ్ ఆటగాడు అమోరోసో పెనాల్టీతో 2–1. మూడు నిమిషాల్లోనే టోమాసన్ గోల్‌కీపర్ లేమన్‌ను దాటించి 3–1 చేశాడు. 58వ నిమిషంలో కోలర్ 3–2కు తెచ్చినా అక్కడితో సరి. అంటే మొదటి గోల్‌కు కారణమైన పరుగూ టోమాసన్‌దే, గెలిపించిన మూడో గోలూ అతడిదే. ఫైనల్‌కు రెండు రోజుల ముందు డచ్ నాయకుడు పిమ్ ఫోర్టౌన్ హత్య జరిగింది. కప్పు గెలిచినా రోటర్‌డామ్ సంబరాలు చేసుకునే స్థితిలో లేదు.

కాంట్రాక్టు ముగియడంతో ఆ వేసవిలోనే ఏసీ మిలాన్‌కు బదిలీ రుసుము లేకుండా వెళ్లాడు.

ప్రశ్న: 2003 చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో అజాక్స్‌పై ఆఖరి గోల్ ఇంజాఘిదా, టోమాసన్‌దా? గీత మీద నిలబడి తాకితే ఆఫ్‌సైడ్ కాదా? (హైదరాబాద్)

జవాబు: రికార్డు పుస్తకంలో టోమాసన్‌దే. మొదటి మ్యాచ్ 0–0. మిలాన్ సొంత మైదానం సాన్ సీరోలో 90 నిమిషాలు ముగిసేసరికి 2–2. అప్పటి నియమం ప్రకారం బయటి మైదానంలో గోల్స్ కొట్టిన అజాక్స్ ముందుకు వెళుతుంది. ఇంజురీ టైమ్‌లో ముందుకొచ్చిన అజాక్స్ గోల్‌కీపర్ లోబోంట్ మీదుగా మిలాన్ స్ట్రైకర్ ఇంజాఘి బంతిని లేపాడు. అది గీత దాటబోతుండగా టోమాసన్ తాకాడు. 3–2. ఆ ఏడాది మిలాన్ కప్పు గెలిచింది.

ఇక ఆఫ్‌సైడ్. గీత మీద తాకాడా, ఆరు గజాల్లో తాకాడా అన్నది లెక్కలోకి రాదు. చూడాల్సింది తోటి ఆటగాడు బంతిని కొట్టిన క్షణం ఒక్కటే. ఆ క్షణంలో మీరు బంతి కంటే వెనక గానీ, బంతికి సమానంగా గానీ ఉంటే ఆఫ్‌సైడ్ లేదు. బంతి కంటే ముందుంటే మాత్రం మీకూ గోల్ గీతకూ మధ్య లేదా మీకు సమానంగా కనీసం ఇద్దరు ప్రత్యర్థులు ఉండాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మామూలుగా ఆ ఇద్దరిలో ఒకరు గోల్‌కీపర్ కాబట్టి ఒక్క డిఫెండర్‌ను చూస్తే సరిపోతుంది. కీపర్ ముందుకు వచ్చేశాడంటే ఆ లెక్క పనిచేయదు, ఇద్దరు డిఫెండర్లు కావాలి. అందుకే ఇలాంటి సందర్భంలో తెలివైన స్ట్రైకర్ బంతికి అడుగు వెనకే పరుగెత్తుతాడు.

బంతి ఎలాగూ లోపలికే పోతోంది, తాకకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వెనక నుంచి డిఫెండర్ కాలు చాపుతాడేమో తెలియని క్షణంలో తాకడమే సరైన పని.

ప్రశ్న: యూరో 2004లో డెన్మార్క్, స్వీడన్ సరిగ్గా 2–2తో ముగించి ఇటలీని బయటికి పంపాయంటారు. 2–2 ఎందుకు, 1–1 చాలదా? (విజయవాడ)

జవాబు: మూడు జట్లకూ 5 పాయింట్లు వస్తే ముందు వాటి మధ్య జరిగిన మ్యాచ్‌లనే లెక్కిస్తారు. ఇటలీ డెన్మార్క్‌తో 0–0, స్వీడన్‌తో 1–1. మూడోది కూడా డ్రా అయితే ముగ్గురికీ రెండేసి పాయింట్లు, గోల్స్ తేడా సున్నా. అప్పుడు ఆ మ్యాచ్‌లలో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారన్నదే మిగులుతుంది. ఇటలీకి ఒకటే.

0–0 అయితే డెన్మార్క్‌కు ఒక్క గోలూ ఉండదు, డెన్మార్కే బయటికి. 1–1 అయితే స్వీడన్‌కు రెండు, డెన్మార్క్‌కూ ఇటలీకీ ఒక్కొక్కటి. వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ 0–0 కాబట్టి, అప్పుడు గ్రూపులోని నాలుగో జట్టు బల్గేరియాపై ఎవరు ఎంత తేడాతో గెలిచారో చూడాలి. 2–2 లేదా ఆపైన అయితే ఇటలీ ఎంత గెలిచినా దారి లేదు. పోర్టోలో టోమాసన్ 28, 66 నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టాడు. 89వ నిమిషంలో స్వీడన్ ఆటగాడు మతియాస్ యోన్సన్ సమం చేశాడు. అదే సమయంలో ఇటలీ బల్గేరియాను 2–1తో ఓడించినా వృథా అయింది.

కుమ్మక్కు అన్న ఆరోపణకు రుజువు లేదు. స్వీడన్ 89వ నిమిషం దాకా ఓడుతూ ఉంది. అంత ఆలస్యంగా ఒప్పందం అమలు చేసేవాళ్లుంటారా! వేసవి తర్వాత టోమాసన్ తిరిగి వెళ్లాల్సింది ఇటలీలోని మిలాన్‌కే అన్నది మాత్రం సరదా సంగతి.

ప్రశ్న: 2010 ప్రపంచ కప్‌లో జపాన్‌పై అతడి పెనాల్టీని కీపర్ ఆపాక మళ్లీ తనే కొట్టాడు. అది చెల్లుతుందా? (తిరుపతి)

జవాబు: చెల్లుతుంది. పెనాల్టీ కొట్టినవాడు మరొకరు తాకేవరకు బంతిని రెండోసారి తాకకూడదు. కీపర్ కవాషిమా తాకాడు కాబట్టి నియమం తీరింది. బంతి గోల్‌స్తంభానికో, పైకమ్మీకో తగిలి నేరుగా వెనక్కి వచ్చి ఉంటే మాత్రం టోమాసన్ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే జపాన్‌కు ఫ్రీకిక్. షూటౌట్‌లో అయితే రెండో అవకాశమే లేదు.

రుస్టెన్‌బర్గ్‌లో 81వ నిమిషంలో వచ్చిన ఆ గోలే అతడి 52వది, ఆఖరిది. డెన్మార్క్ 3–1తో ఓడింది. అంతకుముందు కామెరూన్ మ్యాచ్‌లో అతడు మంచి అవకాశాలు చాలా వదిలేశాడు. జపాన్‌పై కొట్టిన గోల్‌తో డెన్మార్క్ తరఫున అత్యధిక గోల్స్ కొట్టిన పౌల్ నీల్సెన్ రికార్డును సమం చేశాడు. నీల్సెన్ 1910 నుంచి 1925 మధ్య 38 మ్యాచ్‌లలోనే 52 కొట్టాడు. డిఫెన్స్ ఇంత కట్టుదిట్టంగా లేని కాలమది, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

ప్రశ్న: మిలాన్ తర్వాత ఏమయ్యాడు? (అనంతపురం)

జవాబు: 2003–04లో మిలాన్ ఇటలీ లీగ్ గెలిచినప్పుడు అతడివి 12 లీగ్ గోల్స్. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆఖర్లో క్రెస్పో బదులు దిగి, షూటౌట్‌లో తన పెనాల్టీ కొట్టాడు, మిలాన్ ఓడింది. తర్వాత జర్మనీ క్లబ్ స్టట్‌గార్ట్. అక్కడ అతడూ యెస్పెర్ గ్రోంక్యార్ కోచ్ త్రపటోని పద్ధతిని బహిరంగంగా విమర్శించారు, ఇద్దరినీ బెంచ్ మీద కూర్చోబెట్టారు, కొద్ది రోజులకే కోచ్ ఉద్యోగమూ పోయింది. స్పెయిన్ క్లబ్ విలారియల్ మీదుగా 2008లో ఫెయెనూర్డ్‌కు తిరిగొచ్చి, గాయాలతో 2011లో ఆట మానేశాడు.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు, స్కూలు జట్టులో ఫార్వర్డ్. టోమాసన్‌లా డిఫెండర్‌కు కనబడకుండా పరుగెత్తడం నేర్పవచ్చా? ఎలా? (కర్నూలు)

జవాబు: నేర్పవచ్చు. ముగ్గురు పిల్లలు, నాలుగు బంతులు చాలు. ఈ వయసుకు 4వ సైజు బంతి వాడండి, 13 నిండాక 5వ సైజు. నేల గట్టిగా ఉంటే పొడుగు స్టడ్‌ల బూట్లు వద్దు. పొట్టి రబ్బరు స్టడ్‌లు సరిపోతాయి, చీలమండ బెణికే ప్రమాదం తగ్గుతుంది.

గోల్‌కు 12 మీటర్ల దూరంలో డిఫెండర్‌ను నిలబెట్టండి. పాస్ ఇచ్చే పిల్లను కుడి పక్కన, గోల్ గీతకు 15 మీటర్ల దూరంలో ఉంచండి. మీ అమ్మాయి డిఫెండర్‌కు ఎడమ వైపున రెండడుగులు వెనక, అంటే బంతికి అవతలి భుజం వైపు నిలబడాలి. ఇదే కీలకం. డిఫెండర్ బంతిని చూస్తే మనిషి కనబడదు, మనిషిని చూస్తే బంతి కనబడదు. మెడ తిప్పక తప్పదు.

పాస్ ఇచ్చే పిల్ల బంతిని ఒకసారి ముందుకు నెట్టి తలెత్తుతుంది. ఆ తలెత్తడమే గుర్తు. అప్పుడు మీ అమ్మాయి రెండడుగులు మెల్లగా దూరంగా జరిగి, తర్వాత ఒక్కసారిగా డిఫెండర్ ముందు నుంచి దగ్గరి స్తంభం వైపు దూసుకెళ్లాలి. పాస్ నేల మీదే రావాలి. పాదం లోపలి వైపుతో ఒకే తాకులో గోల్. ఒక విడతకు 8 సార్లు, మధ్యలో నిమిషంన్నర విశ్రాంతి, మూడు విడతలు. తర్వాత ఎడమ పక్కకు మార్చండి. వారానికి రెండు రోజులు చాలు.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. అందరూ చేసేది ముందే బయల్దేరడం. చేరుకుని ఆగి బంతి కోసం ఎదురుచూస్తే డిఫెండర్ వచ్చి పక్కన నిలబడతాడు, పైగా ఆఫ్‌సైడ్. దీనికి మందు ఆ మొదటి రెండు నెమ్మది అడుగులే. వాటిని వదిలేయనివ్వకండి. రెండోది సరళరేఖలో పరుగు. కొంచెం వంపు తిరిగి వస్తే తుంటి గోల్ వైపు తెరుచుకుంటుంది, లేకపోతే బంతి పక్కకు పోతుంది. మూడోది బలంగా కొట్టడం. నిలబడే కాలు బంతి పక్కన జానెడు దూరంలో పడితే దిశ చాలు, బలం పాస్‌లోనే ఉంది.

చివర పది నిమిషాలు రెండో బంతి సాధన చేయించండి. ఎవరు షాట్ కొట్టినా మీ అమ్మాయి కీపర్‌కు ఆరు మీటర్ల దాకా పరుగెత్తాలి. పదిలో ఎనిమిదిసార్లు బంతి ఆమె వైపు రాదు, విసుగొస్తుంది. అజాక్స్‌పైనా జపాన్‌పైనా టోమాసన్ గోల్స్ వచ్చింది ఇలాంటి పరుగుల్లోనే. హెడర్లు మాత్రం ఈ వయసులో పదేపదే చేయించకండి.

ప్రశ్న: టోమాసన్ కోచ్‌గా పనిచేసిన బ్లాక్‌బర్న్ మన తెలుగువాళ్ల క్లబ్బేనటగా? (డాలస్)

జవాబు: 2010 నవంబరులో ఆ క్లబ్‌ను కొన్నది పుణేకు చెందిన వెంకీస్ సంస్థ. దాన్ని స్థాపించిన కోళ్ల పరిశ్రమ పెద్ద బి.వి. రావు తెలుగువారు. మాల్మోతో 2020, 2021 స్వీడన్ లీగ్‌లు గెలిచాక టోమాసన్ 2022లో అక్కడికి వెళ్లాడు. మొదటి సీజన్‌లో 69 పాయింట్లతో ఏడో స్థానం. అవే పాయింట్లున్న సండర్లాండ్ గోల్స్ తేడాతో, పై లీగ్‌కు ఎక్కే అవకాశమిచ్చే ప్లేఆఫ్‌కు వెళ్లింది. తర్వాత భారత్ నుంచి క్లబ్‌కు డబ్బు పంపాలంటే యజమానులు ఢిల్లీ హైకోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి రావడంతో ఖర్చు తగ్గింది. 2024 ఫిబ్రవరిలో అతడు తప్పుకుని స్వీడన్ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. ఇసాక్, గ్యోకెరెస్ లాంటి స్ట్రైకర్లు ఇద్దరున్నా ప్రపంచ కప్ అర్హత పోటీల్లో కొసోవో చేతిలో రెండుసార్లు ఓడి, 2025 అక్టోబరులో ఆ పదవీ పోగొట్టుకున్నాడు.