అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లలకు మన జానపదం ఎలా అలవాటు చేయాలి?

మీ ప్రశ్న చదివాను. విశాఖ మధురవాడలో ఫ్లాటు, బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడు, మీరిద్దరూ ఉద్యోగాలు, అమ్మానాన్నలు పాలకొండలో. పిల్లలకి ఇంగ్లిష్ రైములు తప్ప మన పాట ఒక్కటీ రాదు, జానపదం నేర్పే క్లాసులో చేర్పిద్దామా అని అడిగారు. నా మాట వింటే ఇప్పుడే క్లాసు జోలికి వెళ్లకండి. నాకూ ఇద్దరు. పెద్దదానికి తొమ్మిది, చిన్నోడికి ఐదు. మాది మురళీనగర్, మూడో అంతస్తు. మా ఇంట్లో పనిచేసినవీ బెడిసికొట్టినవీ రెండూ చెబుతాను.

ముందు బెడిసికొట్టింది. పెద్దదానికి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు నాకూ మీలాగే భయం పట్టుకుంది. బ్లూటూత్ స్పీకర్ కొని, యూట్యూబులో దొరికిన జానపదాలన్నీ వరసగా పెట్టి, పొద్దున్నే ఇడ్లీ తినిపించేటప్పుడు వినిపించడం మొదలెట్టాను. వినగా వినగా అవే వస్తాయనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండానే ఆ పాటలు మా ఇంట్లో ఫ్యాను చప్పుడు కింద జమైపోయాయి. ఆపేసినా అది గమనించేది కాదు.

ఆ సంక్రాంతికి మా అత్తగారు గజపతినగరం దగ్గర వాళ్ల ఊరి నుంచి వచ్చారు. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఏదో కూనిరాగం తీస్తుంటే మనవరాలు వెళ్లి పక్కన చేరింది. ఆవిడ పాట నేర్పలేదు, పాడమనీ అనలేదు. "నానొకటి అంతాను, నువ్వు ఓలమ్మో అనాల. నువ్వనకపోతే నా పాట ముందుకెళ్లదు" అన్నారు. అంతే. చిక్కుళ్ల మీద, పక్కింటి పిల్లి మీద, ఇంకా ఆఫీసు నుంచి రాని మా ఆయన మీద అప్పటికప్పుడు మాటలు అల్లేస్తున్నారు. ప్రతి మాట చివరా ఇది గొంతు చించుకుని "ఓలమ్మో" అంటోంది. గిన్నెడు చిక్కుళ్లు అయిపోయినా వదల్లేదు, ఇంకోసారి ఇంకోసారి అని ఒకటే గోల. నేను రెండు వారాలు తిప్పలు పడి చేయలేనిది ఆవిడ అరగంటలో చేశారు. చిన్న ఉక్రోషం కూడా వచ్చింది లెండి.

తరవాత ఆలోచిస్తే విషయం అర్థమైంది. నేను పాట వినిపించాను. ఆవిడ పాటలో దానికో పని ఇచ్చారు. మన వైపు కళలన్నిట్లో ఆ పనికి పేరే ఉంది, వంత. బుర్రకథలో పక్కవాళ్లు తందాన అంటేనే కథకుడు ముందుకు పోతాడు. జముకు అనే వాద్యం మీటుతూ చెప్పే జముకుల కథ కూడా వంత లేకుండా నడవదు. గుంపుగా పాడుతూ ఆడే తప్పెటగుళ్ళలో ఒకాయన పాట ఎత్తుకుంటే పదిహేను ఇరవై మంది అందుకుంటారు. నాలుగేళ్ల పిల్లకి పాట మొత్తం రావక్కర్లేదు. ఒక్క మాట వస్తే చాలు, అది జట్టులో మనిషైపోయినట్టే.

కాబట్టి మీరు ఈ వారమే వంతతో మొదలెట్టండి. గొంతు బాగుండాలని ఏం లేదు, నాది బాగోదు. మాటలు కూడా మీ రోజువారీవే పెట్టుకోండి. మేం బస్టాపులో నిలబడి ఇలా కట్టుకున్నాం: "సింహాచలం బస్సొచ్చింది, ఓలమ్మో! సీటు మాత్రం లేదంది, ఓలమ్మో! చెప్పు కాస్త తెగిపోయింది, ఓలమ్మో!" నాలుగు రోజులకి పిల్లలే ముందుమాట అందుకుని మనకి వంత అప్పగిస్తారు. అప్పుడు నోరు మూసుకుని వంత పాడండి, వాళ్ల మాటలు దిద్దకండి. పాత పాటలు ఆ తరవాత వాటంతటవే వస్తాయి. వినేటప్పుడు వంత ఎక్కడొస్తుందో వాళ్లే పట్టేస్తారు.

రెండోది పళ్లెం ఆట. తప్పెటగుళ్ళు ఉత్తరాంధ్రలో యాదవుల కళ. పశువులు చల్లగా ఉండాలనీ, పండగ మొక్కులనీ ఆడేవాళ్లు. మెడలోంచి గుండె మీదకి గుండ్రటి రేకు వాద్యం కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకి గజ్జెలతో గెంతుతారు. నిదానంగా మొదలై జోరు పెరుగుతూ పెరుగుతూ చివరికి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే దాకా పోతుంది. (చివరి భాగం వీడియో పిల్లలకి ముందే చూపించకండి. మావాళ్లు సోఫా మీద ప్రయత్నించారు.) ఇంట్లో మేం స్టీలు పళ్లేనికి టేపుతో చున్నీ అంటించి మెడకి కట్టుకుంటాం. ముందు చేతులు వద్దు, కాళ్లు మాత్రమే. నాలుగు అడుగులు కుదిరాక పళ్లెం మీద చెయ్యి. ఎవరు ముందు తొందరపడి వేగం పెంచితే వాళ్లు అవుట్. ఈ రూలు మా పెద్దది పెట్టింది. నిజానికి దానివల్లే లయ నిలబడింది. నెమ్మదిగా వాయించడం ఎంత కష్టమో పిల్లలకి మనం చెబితే తెలియదు, అవుటైతే తెలుస్తుంది.

మొదటి ఆదివారం పొద్దున ఏడింటికే మొదలెట్టేశాం. రెండో అంతస్తు అంకుల్ నైట్ డ్యూటీ చేసి అప్పుడే పడుకున్నారట. ఆయన పైకొచ్చిన తీరు నేను మర్చిపోలేను. ఇప్పుడు మా టైము పదకొండు గంటలు, పళ్లెం కింద పాత నాప్‌కిన్ మడత పెట్టి కడుతున్నాం.

జముకు చేసుకోవడం ఇంకా సులువు, మా చిన్నోడికి అన్నిటికన్నా ఇదే ఇష్టం. అసలు జముకు ఒక గొట్టంలా ఉంటుంది. ఒక వైపు చర్మం మూసి, దాని నడిమధ్య నుంచి తీగ లాగి, ఆ తీగ బిగువు మారుస్తూ మీటుతారు. బిగిస్తే గొంతు పైకి, వదిలితే కిందికి. మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో అయితే అడుగు కోసేసిన ప్లాస్టిక్ గ్లాసు, దాని మూతికి సాగదీసి కట్టిన బెలూను, బెలూను మధ్య చిన్న చిల్లు, అందులోంచి బొత్తాం కట్టిన గట్టి దారం. బొత్తాం బయటి వైపు ఉండాలి, దారం లోపల నుంచి రెండో వైపుకి రావాలి. గ్లాసు చంకలో పెట్టుకుని, ఒక చేత్తో దారం లాగి పట్టి ఇంకో చేత్తో మీటితే సరిగ్గా ఆ మూలుగే వస్తుంది. మావాడు దానితో ప్రశ్న, జవాబు ఆడతాడు. నేను మాటతో అడగాలి, వాడు జముకుతోనే చెప్పాలి. "అన్నం తింటావా?" అంటే "బూఁయ్". అది కాదని అర్థం. రెండు బెలూన్లు చిరిగాక మూడోది నిలబడింది. ముక్కలు మాత్రం చిన్నపిల్లల నోటికి అందకుండా చూసుకోండి.

ధనుర్మాసం దగ్గరపడితే హరిదాసు ఆట పెట్టుకోవచ్చు. మా వీధికి వచ్చే హరిదాసు ఈ మధ్య స్కూటర్ మీద వస్తున్నాడు, అయినా నెత్తిన పాత్ర మాత్రం అలాగే ఉంటుంది. పిల్లలు బియ్యం పోయడానికి వెళితే తల దించకుండా మోకాళ్ల మీద వంగుతాడు. అది చూసి మావాళ్లు నెత్తి మీద ప్లాస్టిక్ గిన్నె, చేతిలో చిడతల బదులు రెండు చెక్క గరిటెలు పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి నడుస్తారు. పాట తప్ప మాట రాకూడదు, గిన్నె పడకూడదు. మా ఇల్లు పది నిమిషాలు ప్రశాంతంగా ఉండే ఆట ఇదొక్కటే కాబట్టి నేను ఏడాది పొడుగునా ప్రోత్సహిస్తాను.

ఇక ధింసా, అరకు వైపు గిరిజనులు గుంపుగా వేసే నాట్యం. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది. పెద్దది ఒకటో తరగతిలో ఉండగా వాళ్ల స్కూల్లో యాన్యువల్ డేకి ధింసా పెట్టారు. అద్దెకి తెచ్చిన చీరలు, ముఖం నిండా చుక్కలు, రికార్డు పాట, వరసలో నిలబడి అంకెలు లెక్కపెట్టుకుంటూ చెయ్యి ఎత్తు, చెయ్యి దించు. చీర గుచ్చుకుని మా పిల్ల స్టేజి మీదే ఏడ్చింది. ఆ డాన్సు ఎవరిది, ఎప్పుడు వేస్తారు అని అడిగితే దానికి ఏమీ తెలియదు, "ట్రైబల్ డాన్సు" అంది. రెండు నెలలు నేర్చుకున్నది అదీ.

ఆ ఏప్రిల్‌లో అరకు తీసుకెళ్లాం. ఇక్కణ్ణించి 115 కిలోమీటర్లు ఉంటుంది. కిరండూల్ రైల్లో వెళ్లండి. ఆ లైనులో మొత్తం 58 సొరంగాలు, ప్రతి సొరంగంలోనూ పిల్లలు కేకలు పెట్టడమే ఓ సంగీతం. అక్కడ ఆడవాళ్లు వీపుల వెనక చేతులు కలుపుకుని గొలుసులా కదులుతుంటే, ఒకావిడ మా పిల్లని చూసి రెండు చేతుల మధ్యలోకి లాక్కున్నారు. అడుగు తప్పింది. పర్లేదు, గొలుసు దాన్ని మోసుకుపోయింది. స్టేజి మీద ఒక్కత్తే తప్పు చేయడానికీ, గొలుసులో తప్పు చేయడానికీ తేడా దాని ముఖంలోనే కనబడింది. డప్పు, తుడుం, మోరి వాయించేవాళ్ల దగ్గర నిలబడి ఏది ఏదో అడిగి తెలుసుకుంది. ధింసాలో చాలా రకాలున్నాయి. వాటిలో రెండు పిల్లల ఆటకి అచ్చంగా సరిపోతాయి. బాగ్ ధింసా అంటే పులి ధింసా, పులి బారి నుంచి తప్పించుకోవడం అందులో ఉంటుంది. పొతర్ తోలా అంటే ఆకులు కోయడం. మా సెల్లార్లో ఆరుగురు పిల్లలు చేతులు కలిపి గొలుసు కడితే ఒకడు పులి. గొలుసు తెగితే పులి గెలిచినట్టు. ఇది ధింసా కాదని నాకు తెలుసు, పిల్లలకీ తెలుసు, దాని పేరు వాళ్లు "గొలుసు పులి" అని పెట్టుకున్నారు. పోర్జ, బగత, వాల్మీకి, కొండ దొర అని అక్కడి జనాల పేర్లు చెప్పండి. ముఖానికి రంగులు పూయడం మాత్రం వద్దు. ఎవరి ఇంటి పండగనో మనం ఫ్యాన్సీ డ్రెస్ చేసినట్టు ఉంటుంది.

బొమ్మలు కొనాలంటే ఏటికొప్పాక దాకా వెళ్లండి, వరాహ నది ఒడ్డున, కారులో గంటన్నర. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు లక్క కడ్డీ ఆనిస్తారు, వేడికి కరిగి పట్టేస్తుంది. తరవాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. బొంగరం తయారవడం కళ్లారా చూసిన పిల్ల దాన్ని సోఫా కిందికి తోసేయదు, కనీసం వారం పాటు.

జాలారిపేట వైపు పొద్దున్నే వల లాగడం కూడా ఓసారి చూపించండి. అందరూ ఒకేసారి బలం పెట్టడానికే ఆ ఐలేసా అని చూడగానే తెలిసిపోతుంది. ఇంటికొచ్చి దుప్పటితో లాగుడు ఆట మామూలే.

యాస గురించి ఒక మాట. మా చిన్నోడు నాయనమ్మ దగ్గర పట్టుకున్న "ఏటి", "ఎలగ" స్కూల్లో వాడితే టీచరుగారు "సరిగ్గా మాట్లాడు" అన్నారట. నేను వెళ్లి గొడవేం పెట్టుకోలేదు. ఇంట్లో పాట పాడేటప్పుడు మాత్రం ఒక్క అక్షరం దిద్దనివ్వను. యాస తీసేస్తే ఈ పాటలకి నడక పోతుంది. జానపద కవి, గాయకుడు వంగపండు ప్రసాదరావుగారు 2020లో పోయారు. పార్వతీపురం దగ్గర పుట్టి, ఇక్కడి షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. ఈ యాసలోనే కట్టి రాష్ట్రమంతా పాడించారు. ఇంకొకటి, జానపదం కదా అని ప్రతి పాటా పిల్లలది కాదు. కొన్నిట్లో మోటు సరసం ఉంటుంది, కొన్నిట్లో కులం మీద ఎత్తిపొడుపులుంటాయి. ముందు మీరొకసారి వినండి. జాతరలో డప్పులకి మరీ దగ్గరగా నిలబెట్టకండి, చెవులు చిన్నవి. పులివేషం చూసి ఏడిస్తే "ఏం కాదు, చూడు చూడు" అని ముందుకి తొయ్యకండి. మావాడు రెండు దసరాలు నా భుజం మీద నుంచే చూశాడు, మూడో దసరాకి తనే పులై అందర్నీ కరిచాడు.

మీ అమ్మానాన్నలు పాలకొండలో ఉన్నారన్నారు కదా, అదీ ఉపయోగమే. ఫోన్ చేసి "అమ్మా, ఓ పాట పాడవే" అనకండి. రాజాంలో ఉన్న మా అమ్మని అలాగే అడిగితే "నాకేం పాటలొచ్చే, నువ్వూ నీ గోలా" అని సిగ్గుపడి పెట్టేసింది. మర్నాడు స్పీకర్ ఆన్ చేసి మా పెద్దదాని చేత వేరేగా అడిగించాను, "అమ్మమ్మా, మీరు చిన్నప్పుడు దొంగ ఎవరో తేల్చడానికి పంటలు ఎలా వేసేవాళ్లు?" అని. ఒక్క క్షణం ఆగి, గుక్క తిప్పుకోకుండా రెండు చెప్పింది. అచ్చంగాయలు ఎగరేసేటప్పుడు ఏమనుకునేవారో అది ఇంకొకటి. ఫోన్ పెట్టేసి మేం పప్పు పోపు పెట్టుకునే లోపే మళ్లీ రింగైంది. "ఒలే, పిల్లనివ్వు, ఇంకోటి గుర్తొచ్చింది" అంది.