రిఫ్‌ట్రాక్స్ జోకులు సినిమా కంటే వెనకబడుతుంటే

రిఫ్‌ట్రాక్స్ అంటే సినిమా చూస్తూ పక్కనే ప్లే చేసుకునే జోకుల వ్యాఖ్యానం, ఎంపీ3 ఫైలుగా వస్తుంది. అది మొదట్లో సరిగ్గా కుదిరి, అరగంటకల్లా జోకు నిమిషానికి పైగా లేటవుతోందంటే మీది పాల్ (యూరప్, భారత్ లాంటి చోట్ల వాడే వీడియో పద్ధతి) ఫార్మాట్ డీవీడీ అయ్యుంటుంది. అందులో సినిమా సెకనుకు 25 ఫ్రేములతో పరుగెడుతుంది. ఆ ఎంపీ3 మాత్రం అమెరికా డిస్క్ వేగానికి, అంటే సెకనుకు 23.976 ఫ్రేములకి చేసింది. రెండు గంటల సినిమా ప్లేయర్‌లో 1:55 అని చూపిస్తే అనుమానమే అక్కర్లేదు.

పాజ్ కొట్టి ఎన్నిసార్లు సర్దినా మళ్లీ జారుతుంది.

1. ఎంపీ3ని ఆడాసిటీలో (ఉచిత ఆడియో ఎడిటర్) తెరిచి మొత్తం సెలెక్ట్ చేయండి.
2. ‘ఛేంజ్ టెంపో’లో 4.27 శాతం పెంచండి (25కీ 23.976కీ ఉన్న తేడా అంతే). అందరూ వదిలేసేది ఇదే. ‘ఛేంజ్ స్పీడ్’ వాడితే పాపం జోకులేసే మైక్ నెల్సన్ గొంతు సన్నబడుతుంది.
3. ఎక్స్‌పోర్ట్ చేసి సినిమాతో మొదటి నుంచి కలపండి. ఆ ఎంపీ3లో మధ్యమధ్యలో ఓ రోబో గొంతు సినిమా డైలాగే పలుకుతుంది. తెరమీద పాత్ర కూడా అప్పుడే అదే మాట అంటే కుదిరినట్టే.