డెస్క్‌టాప్ ఖాళీ అయిపోయిందా? ఫార్మాట్‌కి మాత్రం ఒప్పుకోకండి

ప్రశ్న: సార్, మా ఇంట్లో విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. మొన్న కరెంటు రెండుమూడుసార్లు వచ్చి పోయింది, తర్వాత ఆన్ చేస్తే పాస్‌వర్డ్ మామూలుగానే తీసుకుంది కానీ లోపల డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలు లేదు, వాల్‌పేపర్ కూడా మారిపోయింది, మూలన టెంపరరీ ప్రొఫైల్ అని ఏదో మెసేజ్ వస్తోంది. మా నాన్నగారు పోయేముందు నోటుపుస్తకాల్లో రాసుకున్న జ్ఞాపకాలు ఆరు నెలలు కూర్చుని 140 పేజీలు టైప్ చేశాను, అదంతా డెస్క్‌టాప్ మీదే ఉండేది. షాపులో అడిగితే ప్రొఫైల్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టాలి, డేటాకి గ్యారంటీ లేదంటున్నారు. రెండ్రోజులుగా నిద్ర లేదు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ 140 పేజీలు చాలావరకు క్షేమంగానే ఉండి ఉంటాయి, ఫార్మాట్ చేస్తేనే నిజంగా పోతాయి. అందుకని సీపీయూని షాపుకి పంపకండి.

అసలు జరిగిందేంటంటే, మీ ఫైళ్లన్నీ సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ లోపల మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి, దీన్నే మీ ప్రొఫైల్ అంటారు, వాటితోపాటు అక్కడే ఎన్‌టీయూజర్ డాట్ డ్యాట్ అని దాచిపెట్టిన ఫైలు ఒకటి ఉంటుంది, మీ వాల్‌పేపర్, సెట్టింగులు అన్నీ రాసుకునేది అందులోనే. అది రాస్తుండగా కరెంటు పోతే పాడవచ్చు. లాగిన్ టైమ్‌లో విండోస్‌కి అది తెరుచుకోకపోతే మిమ్మల్ని బయట నిలబెట్టకుండా యూజర్స్‌లోనే టెంప్ అని కొత్త ఫోల్డర్ చేసి అందులో కూర్చోబెడుతుంది. మీరు ఇప్పుడు చూస్తున్న ఖాళీ డెస్క్‌టాప్ ఆ టెంప్‌ది. మీది పక్క ఫోల్డర్‌లో అలాగే ఉంది.

ఈ టెంప్‌లో ఏం సేవ్ చేసినా సైన్ అవుట్ అవగానే చెరిగిపోతుంది. ఇది నాకు అనుభవమే, ఇదే మెసేజ్ మా ఇంట్లో వచ్చినప్పుడు పట్టించుకోకుండా ఆ ఖాళీ డెస్క్‌టాప్ మీదే గంటసేపు ఇంటి లెక్కలు టైప్ చేసి సేవ్ చేశా, రీస్టార్ట్ అయ్యాక ఆ ఫైలు మళ్లీ కనపడలేదు. కాబట్టి అందులో ఏమీ టైప్ చేయకండి.

ఇప్పుడు ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దిస్ పీసీ, సి డ్రైవ్, యూజర్స్, మీ పేరు ఫోల్డర్ అలా వెళ్లండి. పర్మిషన్ లేదని అడిగితే కంటిన్యూ నొక్కండి. లోపల డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరిస్తే నాన్నగారి ఫైలు ఉండాలి, లేకపోతే వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్ లోపల ఇంకో డెస్క్‌టాప్ ఉంటుంది, అక్కడ చూడండి, చాలామంది కంగారుపడేది ఇక్కడే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ నాలుగూ కాపీ చేసుకోండి. కట్ చేయొద్దు, కాపీనే. పెన్‌డ్రైవ్‌లో నుంచి ఆ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిచి చివరి పేజీ దాకా చూసుకున్నాకే మిగతా పని.

తర్వాత రెండుమూడుసార్లు రీస్టార్ట్ చేసి చూడండి, ఒక్కోసారి యాంటీవైరస్ ఆ ఎన్‌టీయూజర్ ఫైలుని పట్టుకుని ఉండటం వల్ల కూడా ఇలా అవుతుంది, అలాంటిదైతే దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చిట్టాలో చూడాలి, ఇది ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. స్టార్ట్‌లో రెజ్‌ఎడిట్ అని కొట్టి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ప్రొఫైల్ లిస్ట్ దాకా వెళ్లాలి. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోనే దాచుకోండి. అక్కడ ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగు పేర్లు ఉంటాయి, వాటిలో ఒకే నంబరు రెండుసార్లు ఉండి ఒకదాని చివర డాట్ బ్యాక్ (.bak) అని ఉంటే, ఆ డాట్ బ్యాక్ ఉన్నదే మీ అసలు ప్రొఫైల్, దాన్ని నొక్కితే కుడివైపు ప్రొఫైల్ ఇమేజ్ పాత్ దగ్గర మీ ఫోల్డర్ పేరు కనిపిస్తుంది. డాట్ బ్యాక్ లేనిదాని పేరు చివర డాట్ ఓల్డ్ అని చేర్చి, అసలుదానికి ఉన్న డాట్ బ్యాక్ తీసేసి, అందులో స్టేట్, రెఫ్‌కౌంట్ అని ఉంటే రెండూ 0 చేసి రీస్టార్ట్ చేయండి. ఎక్కువసార్లు దీంతోనే పాత వాల్‌పేపర్‌తో సహా వచ్చేస్తుంది.

అప్పటికీ రాలేదంటే ఎన్‌టీయూజర్ ఫైలే పాడైందని అర్థం, దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు, సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి కొత్త యూజర్‌ని చేసుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టుకుని, పెన్‌డ్రైవ్‌లోవి అందులో వేసుకోవడమే. పాత ఫోల్డర్ మొత్తాన్ని దీనిమీద కుమ్మరించకండి, ఎన్‌టీయూజర్ పేరుతో ఉన్నవి వస్తే పాత రోగం కొత్తదానికి అంటుకుంటుంది. మీరు పుస్తకం కోసం టైప్ చేస్తున్నారు కాబట్టి ఇంకోటి కూడా, అందరు యూజర్లకీ అని వేసుకున్న తెలుగు ఫాంట్లు విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి, అవెక్కడికీ పోవు.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి సీహెచ్‌కేడీఎస్‌కే సి: /ఎఫ్ కూడా ఒకసారి నడిపించండి, డిస్క్ మీద ఏదైనా దెబ్బ ఉంటే తెలుస్తుంది. ఒక 600 వీఏ యూపీఎస్ తప్పకుండా కొనుక్కోండి, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునేంత టైమ్ ఇస్తుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, దాని సంగతి ఫైళ్లు చేతిలోకి వచ్చాక తీరిగ్గా చూద్దాం.

ప్రశ్న: నాకూ ఇలాగే అయితే కొత్త యూజర్ చేసుకుని అన్నీ కాపీ చేశాను, క్రోమ్ ఫోల్డర్ కూడా తెచ్చాను, కానీ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఒక్కటీ రాలేదు. పాత అకౌంట్ డిలీట్ చేసేయొచ్చా?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండీ, ఆగండి. పాస్‌వర్డ్‌లని క్రోమ్ పాత యూజర్ అకౌంట్‌తో ముడిపెట్టి తాళం వేసి ఉంచుతుంది, ఫోల్డర్ కాపీ చేసినా ఆ తాళంచెవి రాదు. క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో సింక్ పెట్టుకుని ఉంటే కొత్తదాంట్లో అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అవండి, వచ్చేస్తాయి. లేదంటే పైన చెప్పిన రిజిస్ట్రీ పద్ధతిలో పాత ప్రొఫైల్‌ని ఒక్కసారి లేపి, క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఈలోపు ఇంకో అకౌంట్ నుంచి పాత అకౌంట్ పాస్‌వర్డ్ రీసెట్ చేయడం లాంటివి చేయకండి, దాంతో ఆ తాళంచెవి కూడా పనికిరాకుండా పోతుంది. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్లో పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి, కొత్త క్రోమ్‌లోకి ఎక్కించుకోగానే చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.