అది భ్రమ కాదండీ, కడుపులో నిజంగానే జరుగుతుంది

"టెన్షన్ పడితే కడుపు నిజంగా పాడవుతుందా, లేక అంతా మన భ్రమేనా?" అని అడిగారు. ఆ భ్రమ అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను. రెండేళ్ల కిందట నాకూ అదే మాట చెప్పి పంపించారు.

అమ్మకి గుండె ఆపరేషన్. తేదీ ఖాయమైన దగ్గర్నుంచి తెల్లారితే చాలు, నాకు విరేచనాలు. ఆపరేషన్ రోజు పొద్దున్నే నాలుగుసార్లు వెళ్లొచ్చాను. అమ్మని లోపలికి తీసుకెళ్లాక పొట్ట బిగుసుకుపోయింది. తమ్ముడు బతిమాలితే రెండు ముద్దలు మింగాను. అవి కదిలితే ఒట్టు! మధ్యాహ్నం దాటినా అప్పుడే తిన్నంత బరువు, నోట్లో నీళ్లూరుతూ వికారం. రెండింటికి డాక్టరు బయటికొచ్చి, "బాగా జరిగింది, భయం లేదు" అన్నారు. గోడకి ఆనుకుని ఏడ్చేశాను. పావుగంట గడిచిందో లేదో కడుపులో గుర్రుమని చప్పుడు, పక్కనున్న తమ్ముడికి వినపడేంత. వెంటనే ఆకలి. మందు లేదు, మాకు లేదు. ఒక్క మాట విన్నాను, అంతే.

ఆ పావుగంట నన్ను చాలా చదివించింది. భయం వేసినప్పుడు మెదడు సి.ఆర్.ఎఫ్. అనే రసాయనాన్ని వదులుతుంది. అది జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, అదే సమయంలో పెద్దపేగుని తొందరపెడుతుంది. పైన బరువు, కింద పరుగు. నాకు రెండూ ఒకే రోజు ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమైంది. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. ఆ కొత్తలోనే వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త పిల్లుల జీర్ణాశయాన్ని దానితో గమనించాడు. పిల్లి బెదిరితే కదలికలు ఆగిపోయేవి, శాంతించాక మళ్లీ మొదలయ్యేవి. పిల్లికి భ్రమ అని ఎవరైనా అంటారా? మన పేగు గోడల్లోనే 10 కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. కడుపు తరుక్కుపోయింది, కడుపులో దేవినట్టుంది అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. అమ్మ ఇంటికొచ్చాక కూడా నా బాధ తగ్గక పరీక్షలు చేయించుకున్నాను. "రిపోర్టులన్నీ నార్మల్. టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఎలా తగ్గించుకోవాలో ఒక్క ముక్క చెప్పలేదు. రిపోర్టు నార్మల్ అంటే పుండు లేదని, వాపు లేదని. నొప్పి లేదని కాదు. ఒత్తిడిలో పేగు నరాల సున్నితత్వం పెరుగుతుంది, మామూలు గ్యాస్ కూడా పొడిచినట్టు తెలుస్తుంది. అది పడేవాడికి నిజమైన నొప్పే.

అలాగని ప్రతిదాన్నీ టెన్షన్ మీదికి నెట్టేయడమూ తప్పే. కడుపులో పుండ్లకి టెన్షనే కారణమని దశాబ్దాల పాటు నమ్మారు. చాలావాటికి అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా అని తేల్చినందుకే మార్షల్, వారెన్ అనే ఇద్దరు డాక్టర్లకి 2005లో నోబెల్ వచ్చింది. నొప్పి మాత్రలు అతిగా వాడినా పుండ్లు పడతాయి. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పో విరేచనమో ఉన్నా నా జవాబు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నాకు పనిచేసింది చెబుతాను. తినే ముందు ఐదు నిమిషాలు కూర్చుని, ఊపిరి మెల్లగా వదలడం. తింటున్నప్పుడు ఆఫీసు ఫోన్ ఎత్తకపోవడం. దీనికి ఇంట్లో పోట్లాడాల్సి వచ్చింది, ఆఫీసులోనూ పోట్లాడాల్సి వచ్చింది. గ్యాస్ మాత్రలకి పెట్టిన డబ్బు కంటే ఈ రెండే నాకు మేలు చేశాయి.

అమ్మ చెకప్ ఉన్న రోజు ఇప్పటికీ పొద్దున్నే నా కడుపు కదులుతుంది. ఇదివరకు దాచేవాణ్ని. ఇప్పుడు భయమేస్తోందమ్మా అని ఆవిడకే చెప్పేస్తున్నాను. చెప్పిన రోజు మధ్యాహ్నానికల్లా ఆకలి వేస్తోంది.